తూనీగ ముందా, పుస్తకం ముందా?

మొన్న ఒక ఆదివారం పొద్దున్నే తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన అయిదు వందల రూపాయల నోటు. పుట్టినరోజుకి వాళ్ళ తాతయ్య ఇచ్చాడట. “మాస్టారూ, తూనీగల మీద మంచి పుస్తకం ఏదో చెప్పండి, కొనుక్కుంటాను. ఎంత లావుదైనా ఫరవాలేదు” అన్నాడు.

క్రికెట్ బ్యాటు మానేసి తూనీగల పుస్తకం కొంటానన్న పిల్లవాణ్ణి చూస్తే ఎవరికైనా సంతోషం వేస్తుంది. నాకూ వేసింది. కాని ఆ “ఎంత లావుదైనా” అన్న మాట దగ్గర గుండె ఝల్లుమంది. ఎందుచేతనంటే ముప్పై ఏళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే అనుకుని, లావుపాటి పుస్తకం ఒకటి కొని, రెండేళ్ళపాటు శ్రద్ధగా తప్పులు రాసుకున్నవాణ్ణి.

“ఇంతవరకూ ఎన్ని రకాల తూనీగల్ని చూశావోయ్?” అని అడిగాను.

“చాలా చూశానండి.”

“చాలా అంటే?”

కాసేపు ఆలోచించాడు. “ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి, ఇంకా... హెలికాప్టరు లాంటిది ఒకటి.”

తూనీగలన్నీ హెలికాప్టర్లలాగే ఉంటాయి కదా! మరి ఈ మూడోది ఏమిటో నాకూ తెలియలేదు, వాడికీ తెలియలేదు. ఆ కుర్రాడికి ఏం చెప్పానో మీకూ చెప్తాను. ఇది నా అభిప్రాయం మాత్రమే సుమా! మీ సైన్సు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆయనతో మర్యాదగా వాదించండి.

పేరు తెలిస్తే ఏమిటి లాభం?

ముందు ఈ సందేహం తీర్చుకుందాం. తూనీగని తూనీగ అంటే సరిపోదా? దానికి మళ్ళీ నోరు తిరగని లాటిన్ పేరొకటి ఎందుకు? పేరు తెలిసినంత మాత్రాన ఆ పురుగు గురించి ఏం తెలిసినట్టు? ఇలా అడిగేవాళ్ళు పెద్దవాళ్ళలోనే ఎక్కువ. పిల్లలు అడగరు. మీ తరగతిలోకి కొత్తగా ఒక అబ్బాయి వచ్చి చేరితే మీరు మొదట అడిగేది పేరే కదూ?

మన దేశానికి నైరుతి దిక్కున హిందూ మహాసముద్రంలో మాల్దీవులు ఉన్నాయి. చిన్న చిన్న పగడపు దీవులు. అక్కడ చెరువులూ కాలవలూ దాదాపు లేవు. తూనీగ గుడ్లు పెట్టాలంటే మంచినీళ్ళు ఉండాలి. అయినా ప్రతి సంవత్సరం అక్టోబరు వచ్చేసరికి ఆ దీవుల మీద లక్షల కొద్దీ తూనీగలు ఎగురుతూ కనిపిస్తాయి. కొన్నాళ్ళుండి మాయమవుతాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఎక్కడికి పోతున్నాయి? చార్లెస్ ఆండర్సన్ అనే సముద్రజీవ శాస్త్రజ్ఞుడు అక్కడే నివసిస్తూ, ఏ దీవిలో ఏ తేదీన తూనీగలు మొదట కనిపించాయో ఏళ్ళ తరబడి రాసిపెట్టుకున్నాడు. వాటిలో అత్యధిక భాగం ఒకే జాతి. శాస్త్రీయ నామం పాంటలా ఫ్లావెసెన్స్. ఉత్తరాన ఉన్న దీవుల్లో ముందుగానూ దక్షిణాన ఉన్నవాటిలో తరవాతనూ కనిపించడం చూసి, ఇవి మన దేశం నుంచి బయలుదేరి, మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయనీ, మళ్ళీ నైరుతి ఋతుపవనాలతో వెనక్కి వస్తున్నాయనీ 2009లో ప్రకటించాడు. రానూపోనూ 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు! ఒక్క తూనీగ ఇంత దూరం పోయి రాదు లెండి. దారిలో వాన నీటి గుంటల్లో గుడ్లు పెడతాయి, పిల్లలు ఎదిగి ప్రయాణం కొనసాగిస్తాయి. అలా నాలుగు తరాలు కలిసి ఒక చక్రం పూర్తి చేస్తాయని ఆయన అంచనా.

ఆయన తన పుస్తకంలో “ఈ రోజు తూనీగలు వచ్చాయి” అని మాత్రం రాసుకుని ఉంటే ఏమయ్యేది? ఏ తూనీగలు? మన దేశంలోనూ, ఆఫ్రికాలోనూ, సముద్రం మధ్యలోనూ ఉన్నది ఒకే జాతి అని తెలిస్తేనే కదా ఈ కథ కదిలింది!

వానలు వెనకపట్టే రోజుల్లో మన ఊళ్ళలో మైదానాల మీద, తలెత్తి చూడవలసినంత ఎత్తులో, వందలకొద్దీ బంగారు రంగు తూనీగలు ఎక్కడా వాలకుండా తిరుగుతూ ఉంటాయే, అవే ఇవి. మీరు రోజూ బడికి పోతూ చూసేవే.

నా తప్పుడు నోటుబుక్కు

ఇప్పుడు నా సంగతి. హైదరాబాదులో ఆబిడ్స్ దగ్గర ఆదివారం నాడు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. అక్కడ నాకు తూనీగల పుస్తకం ఒకటి దొరికింది. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు, లావుగా ఉంది, చవకగా వచ్చింది. ఇంకేం కావాలి? అది బ్రిటన్ తూనీగల పుస్తకం. తూనీగ ఎక్కడైనా తూనీగే కదా అనుకున్నాను.

మా ఊరి చెరువు గట్టు మీద కూచుని చూస్తే మొట్టమొదట కనిపించింది ఎర్ర తూనీగ. పుస్తకం తిరగేశాను. ఎర్రటి తూనీగ బొమ్మ ఉండనే ఉంది. పేరు కామన్ డార్టర్. రాసేసుకున్నాను. పక్కనే పసుప్పచ్చటిది ఇంకొకటి. మళ్ళీ తిరగేశాను. పసుపు రెక్కల డార్టర్ అని ఉంది. రెక్కల మొదట్లో పసుపు ఉందా? ఉంది. రాసేసుకున్నాను. నెల పోయాక నారింజ రంగుది ఒకటి దొరికింది. దానికీ ఒక పేరు వెతికాను. పుస్తకంలో బొమ్మలు ఉన్నంతకాలం పేర్లకి లోటేముంది?

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పదిగంటల ఎండలో, తుంగ మొక్క మీద నా “కామన్ డార్టర్”, నా “పసుపు రెక్కల డార్టర్” ఒకదాన్నొకటి పట్టుకుని చక్రంలాగా మెలిక తిరిగి ఉన్నాయి. మగ తూనీగ తోక చివర ఉండే కొక్కేలతో ఆడదాన్ని తల వెనక పట్టుకుంటుంది. ఆడది తన ఒంటిని ముందుకి వంచుతుంది. అదీ ఆ చక్రం. కొంచెం సేపటికి విడిపోయాయి. పసుప్పచ్చది నీళ్ళమీద తోక టపటపా కొడుతూ గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఎర్రది దానిపైనే తిరుగుతూ కాపలా కాసింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర! రెండూ ఒకే జాతి. ఎర్రది మగది, పసుప్పచ్చది ఆడది. మరి నారింజ రంగుది? అది వయసు మళ్ళుతున్న పసుపుదేమో అనుకున్నాను. కాదు, తిరగబడింది వ్యవహారం. నీళ్ళలోంచి వచ్చిన కొత్తలో మగది కూడా ఆడదానిలాగే పసుప్పచ్చగా ఉంటుంది. ముదురుతున్నకొద్దీ ఎరుపెక్కుతుంది. నారింజ రంగు మధ్య దశ. నేను కష్టపడి సంపాదించిన మూడు జాతులూ ఒక్క జాతి అయి కూచున్నాయి. పైగా ఆ ఒక్కటీ నేను రాసిన మూడింటిలోనూ ఏదీ కాదు. అది క్రోకోథెమిస్ సెర్విలియా. ఆసియా అంతటా ఉంటుంది గాని ఇంగ్లండు పుస్తకంలో ఎందుకుంటుంది?

నవ్వుకుని ఊరుకునే సంగతైతే మీకు చెప్పేవాణ్ణి కాదు. మా ఊరి చెరువులో సగానికి పైగా ఇప్పుడు ఇళ్ళ స్థలాలు. కలవ పూలు పూసే వైపు మొత్తం పూడిపోయింది. అక్కడ ఏ ఏ తూనీగలు ఉండేవి అని ఎవరైనా అడిగితే ఆధారం నా నోటుబుక్కు ఒక్కటే. తీసి చూస్తే మొదటి రెండేళ్ళూ ఇంగ్లండు తూనీగలు! ఒక్క అదృష్టం ఏమిటంటే, కొన్ని రోజుల్లో పేరు దొరక్క, విసుగుపుట్టి, బొమ్మ గీసి “కళ్ళు ఆకుపచ్చ, పొట్ట మీద నల్ల పట్టీలు, నడుం సన్నం, చివర తెలుపు, తామరాకు మీద కూచుంది” అని రాసి వదిలేశాను. ఆ రోజులు మాత్రం ఇప్పుడు పనికొస్తున్నాయి. ఆ వర్ణన చదివితే అది ఆర్థెట్రమ్ సబీనా అని ఇవాళ సులువుగా చెప్పగలను. “కామన్ డార్టర్” అని ఊరికే రాసి ఉన్నచోట అసలు ఏం చూశానో నాకే తెలియదు. ఎర్ర తూనీగలు మనకి ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

అందుకని ఆ కుర్రాడికి మొదట చెప్పిన మాట ఇది: వర్ణన పెన్నుతో రాయి, పేరు పెన్సిలుతో రాయి.

ముందు ఏం చూడాలి?

మీరు ఒక తూనీగని చూశారు. రంగు చూసి సంబరపడకండి, రంగు మోసం చేస్తుందని నా కథ చెప్పనే చెప్పింది. ముందు అది ఎలా కూచుందో చూడండి. నాలుగు రెక్కలూ విమానంలాగా రెండు వైపులా చాచి కూచుంటే అది అసలు తూనీగ. రెక్కలు వీపు మీద దగ్గరగా ముడిచి పెట్టుకుని, ఒళ్ళు సూదిలాగా సన్నగా ఉంటే అది వేరే తెగ. తెలుగులో దీన్ని కూడా తూనీగే అంటున్నాం గనక, మన సౌకర్యం కోసం “సూది తూనీగ” అని పిలుచుకుందాం. కళ్ళు చూస్తే అనుమానం తీరిపోతుంది. సూది తూనీగకి కళ్ళు తలకి అటొకటి ఇటొకటి, చిన్న డంబెల్ లాగా దూరంగా ఉంటాయి. అసలు తూనీగల్లో చాలావాటికి తలంతా కళ్ళే, నడినెత్తిన అంటుకుపోయి ఉంటాయి. నియమం అన్నాక తప్పించుకునేవాళ్ళు ఉండకపోతారా! రెక్కలు సగం విప్పి కూచునే సూది తూనీగలున్నాయి. కళ్ళు ఎడంగా ఉండే అసలు తూనీగలూ ఉన్నాయి. చెరువు మీదికి వంగిన ఎండుకొమ్మ చివర, ఎవరో కాపలా పెట్టినట్టు గంటలకొద్దీ అక్కడే వాలే నలుపు పసుపు చారల పెద్ద తూనీగ, ఇక్టినోగాంఫస్ రాపాక్స్, అలాంటిదే.

తరవాత చోటు. ఇది చాలామంది రాయరు. నా లెక్కలో మాత్రం రంగుకంటే దీనికే విలువ ఎక్కువ. నేలమీద కూచుందా, గడ్డిమీదా, గోడమీదా, కొమ్మకి నిలువుగా వేళ్ళాడుతోందా? ఇంటి ప్రహరీ గోడకి, సిమెంటు తొట్టి అంచుకి రెక్కలు అంటించుకుని, బూడిద రంగు మీద నల్ల చుక్కలతో, కదిలితే తప్ప కనిపించని తూనీగని చూశారా? అది బ్రాడినోపైగా జెమినేటా. రాతి రంగుతో కలిసిపోయే ఈ జీవి మన సిమెంటు గోడల్ని కూడా రాళ్ళే అనుకుంది కాబోలు, పట్నాలకి చక్కగా అలవాటు పడిపోయింది. గుడ్లు కూడా నీళ్ళ తొట్లలోనే పెట్టేస్తుంది. దాని రెక్క అంచున కొసకి దగ్గరగా ఉండే చిన్న మచ్చని చూడండి. మధ్యలో నలుపు, అటూ ఇటూ తెలుపు. ఈ మచ్చ దాదాపు అన్ని తూనీగలకీ ఉంటుంది. రంగు మాత్రం జాతికో తీరు.

మూడోది మనం తోక అనుకునే భాగం. నిజానికి అది తోక కాదు, పొట్ట. దాన్లో పది కణుపులు ఉంటాయి. అది ఒకే లావుగా ఉందా, మొదట్లో ఉబ్బి మధ్యలో సన్నబడిందా, నడి వెన్ను మీద నల్లగీత ఉందా, ఎన్నో కణుపు మీద మచ్చలున్నాయి? ఇవన్నీ గురుతులే. ఎర్ర తూనీగనే తీసుకోండి. నెత్తురు ఎరుపు పొట్ట మీద పొడవునా సన్నని నల్లగీత ఉంటే సెర్విలియా. ఒళ్ళు గులాబీ కలిసిన ఎరుపుగా ఉండి, రెక్కల్లోని ఈనెలు కూడా ఎర్రగా ఉంటే అది మరొకటి, ట్రైథెమిస్ అరోరా మగది. ఈనెల రంగు చూడాలని ఎవరికి తోస్తుంది? తోచేలా చెప్పేదే మంచి పుస్తకం.

పుస్తకం ఎలా ఉండాలి?

ఇక పుస్తకాల సంగతికి వద్దాం.

1903లో ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ అనే ఆయన పిల్లల కోసం ఒక నవల రాశాడు. అందులో యాన్ అనే కుర్రాడికి ఒక పెద్ద కష్టం వస్తుంది. అతనికి పక్షుల పుస్తకం ఒకటి దొరుకుతుంది గాని, అందులో వర్ణన అంతా పక్షిని చేతిలో పట్టుకున్నవాడి కోసం రాసింది. దూరాన నీళ్ళలో ఈదే బాతుని గుర్తుపట్టడం ఎలా? చివరికి అతనే ఒక్కొక్క బాతుకీ దూరం నుంచి కనిపించే గురుతుల్ని బొమ్మలుగా గీసుకుంటాడు. ఈ నవల చదివి పెరిగిన వాళ్ళలో రోజర్ టోరీ పీటర్సన్ ఒకడు. 1934లో ఆయన అమెరికాలో పక్షుల పుస్తకం వేశాడు. పక్షికి ఏ గురుతు ముఖ్యమో అక్కడికి ఒక చిన్న గీత గీసి చూపించాడు. అంతే! ఇక్కడ చూడు, మిగతాది వదిలెయ్ అని. మొదట వేసిన 2,000 ప్రతులు ఇట్టే అమ్ముడుపోయాయి. ఇవాళ ప్రపంచంలో వచ్చే క్షేత్ర పుస్తకాలన్నీ ఒక విధంగా ఆ చిన్న గీతకి వారసులే. మన దేశంలో పక్షులకి అటువంటి సాయం సలీం అలీ పుస్తకంతో 1941లోనే అందింది.

తూనీగలకి అప్పట్లో మనకున్నది ఫ్రేజర్ గ్రంథం. ఫ్రేజర్ సైన్యంలో డాక్టరు. మన దేశంలో పనిచేస్తూ తూనీగల వెంట పడి తిరిగాడు. 1933, 1934, 1936 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా ఆయన రాసినదే ఇప్పటికీ పునాది. అందులో గుర్తుపట్టే విధానం ప్రశ్నల మీద నడుస్తుంది. రెక్కలో ఫలానా గడి ఉందా, లేదా? ఉంటే మూడో ప్రశ్నకి వెళ్ళు, లేకపోతే ఏడో ప్రశ్నకి వెళ్ళు. అలా వెళ్ళగా వెళ్ళగా చివర ఒక పేరు తగులుతుంది. మీ ఊళ్ళో దారి అడిగితే “రావిచెట్టు దగ్గర ఎడమకి తిరుగు, గుడి దగ్గర కుడికి తిరుగు” అంటారే, అలాగన్నమాట. కాని మొదటి మలుపులోనే పొరపాటు పడితే ఏ ఊరు చేరతారో దేవుడికే తెలియాలి. పైగా రెక్కలో గడులు లెక్కపెట్టాలంటే పురుగు చేతిలో ఉండాలి, భూతద్దం కావాలి. ఇంటర్‌నెట్‌లో ఉచితంగా చదవడానికి దొరుకుతుంది కదా అని ఇప్పుడే మొదలుపెట్టకండి. నాలుగేళ్ళ తరవాత అదే మీకు ప్రాణస్నేహితుడు అవుతుంది.

మరి ఇప్పుడేం చదవాలి? కె. ఎ. సుబ్రమణియన్ రాసిన దక్షిణ భారత ద్వీపకల్ప తూనీగల క్షేత్ర పుస్తకం 2005లో బెంగుళూరు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, అయినా వాక్యాలు చిన్నవి. దీన్ని కొనక్కరలేదు, ఉచితంగానే దొరుకుతుంది. బడిలో కంప్యూటరు ఉంటే సైన్సు మాస్టారిచేత తెరిపించి, మీ జిల్లాలో కనిపించేవాటి పేజీలు మాత్రం అచ్చు తీయించుకోండి. 2009లో విజ్ఞాన ప్రసార్ వారు ఆయనదే దేశమంతటి తూనీగల మీద ఇంకో పుస్తకం వేశారు. పాత పుస్తకాల దుకాణంలో కనిపిస్తే వదలకండి.

ఇవి కాక వేరే పుస్తకం ఏదైనా మీ చేతికి వస్తే, కొనేముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. అట్ట చూడను. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయో చూడను. సెర్విలియా పేజీ తెరిచి, ఆడదాని బొమ్మ ఉందా అని చూస్తాను. మగవాటి బొమ్మలే ఉన్న పుస్తకం సగం పుస్తకం. మెరిసే రంగులన్నీ మగవాటికే ఉంటాయి గనక ఫోటోలు తీసేవాళ్ళూ వాటి వెంటే పడతారు. చదివే పిల్లలు ఆడవాటికి వేరే జాతుల పేర్లు పెట్టి నాలాగా బోల్తా పడతారు. ఇంకొక సంగతి. “దీనితో పొరబడే ఇతర జాతులు” అన్న మాట ప్రతి పేజీలోనూ ఉండాలి. ఏది ఏదో చెప్పడం అందరూ చేస్తారు. ఏది ఏది కాదో చెప్పేవాడు తప్పులు చేసి నేర్చుకున్నవాడు, అతన్ని నమ్మవచ్చు.

లావు గురించి కూడా చెప్పాలి. ప్రపంచంలో తూనీగలు, సూది తూనీగలు కలిపి ఆరు వేలకి పైగా జాతులున్నాయి. మన దేశంలో సుమారు 500. వాటిలో ఎన్నో హిమాలయాల్లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ పడమటి కనుమల్లోనూ తప్ప కనిపించవు. మీ ఊరి చెరువు దగ్గర మొదటి ఏడాది మీకు కనిపించేవి ఇరవయ్యో ముప్పయ్యో. అయిదు వందల జాతుల పుస్తకంలో మీకు అక్కరలేని పేజీలే ఎక్కువ. పైగా అవన్నీ మిమ్మల్ని తప్పుదారి పట్టించడానికి సిద్ధంగా ఉంటాయి. అమెరికా నుంచి మామయ్య పంపిన పుస్తకమైతే చెప్పనే అక్కరలేదు. బొమ్మలు చూసి ఆనందించండి. అందులో పాంటలా ఫ్లావెసెన్స్ కనిపిస్తే పలకరించండి, అది అక్కడా ఉంటుంది. ఆపైన అల్మారాలో పెట్టేయండి.

ఫోనులో ఫోటో తీస్తే అదే పేరు చెప్పేస్తుంది కదండీ, పుస్తకం ఎందుకు అంటారేమో. ఆ కుర్రాడూ అన్నాడు. చెప్తుంది, నిజమే. ఐనేచురలిస్ట్ లాంటి వాటిలో పెడితే ఎక్కడెక్కడి అనుభవజ్ఞులో చూసి సరిదిద్దుతారు కూడా. నేనూ వాడతాను. కాని ముందు మీ ఊహ నోటుబుక్కులో రాశాకే ఫోను అడగండి. లెక్కల పుస్తకంలో వెనక జవాబులు చూసి లెక్క చేసినవాడికి లెక్కలు వస్తాయా? ఫోటో అయినా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పొట్ట చివర కనిపించేలా ఒకటి తీయాలి. ఆ చివరి కొక్కేల ఆకారం మీదే కొన్ని జాతులు తేలతాయి. ఇక చిన్న నీలం సూది తూనీగలున్నాయే, అవి ఫోనునీ, నన్నూ, కొన్నిసార్లు పండితుల్నీ కూడా ఏడిపిస్తాయి. వాటిని రెండో ఏడాదికి వాయిదా వేసుకోండి. వాటిలో పసుప్పచ్చ పొట్టతో గడ్డిలో తిరిగే సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ ఒక్కదాన్ని మాత్రం ఇప్పుడే నేర్చుకోవచ్చు. మన కోరమాండల్ తీరం పేరు పెట్టుకున్న పురుగు మరి!

మన పేర్లేవీ?

ఒక విషయంలో నాకు కేరళ పిల్లల్ని చూస్తే అసూయ. మలయాళంలో తూనీగని తుంబి అంటారు. ఓణం పండుగ రోజుల్లో కనిపించే పసుపు, నలుపు మచ్చల రెక్కల తూనీగ ఓణత్తుంబి. తులామాసంలో, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో గుంపులుగా వచ్చే మన పాంటలా వాళ్ళకి తులాత్తుంబి. మాల్దీవులకి పోయే కాలం పేరులోనే ఉంది చూశారా! 2013లో వాళ్ళ రాష్ట్రపు తూనీగల మీద మలయాళం పేరుతోనే పుస్తకం కూడా వచ్చింది.

మనకి అన్నీ తూనీగలే. అయితే ఏం, మీరు పెట్టండి పేర్లు. ఓణత్తుంబి రెక్కలు చూస్తే సీతాకోకచిలకేమో అని భ్రమపడతాం. మా మనవరాలు దాన్ని “చీరంచు తూనీగ” అంటుంది. గోడకి అంటుకునేది “గోడ తూనీగ”. మురుగుకాలవల దగ్గర కూడా హాయిగా బతుకుతూ, మగదానికి రెక్కల మీద నారింజ రంగు పట్టీ ఉండే బ్రాకిథెమిస్ కంటామినేటాకి ఏ పేరు పెడతారో మీ ఇష్టం. నేను “కాలవ దొర” అంటున్నాను. కాకపోతే పక్కన శాస్త్రీయ నామం కూడా రాయాలి. లేకపోతే మీ కాలవ దొర ఎవరో పక్క జిల్లా పిల్లలకి తెలియదు.

ఇంకొక మాట, కొంచెం కోపంగానే. తూనీగ తోకకి దారం కట్టి ఎగరెయ్యడం మానండి. నేనూ చిన్నప్పుడు చేశాను, కాదనను. ఆ సన్నటి పొట్టలోనే దాని గుండె, పేగులు అన్నీ ఉన్నాయి. దారం బిగిస్తే కణుపులు నలిగి చస్తుంది. నెలల తరబడి నీళ్ళ అడుగున డింభకంగా దోమ పిల్లల్నీ చిన్న చిన్న పురుగుల్నీ వేటాడి తిని, ఎన్నోసార్లు చర్మం విడిచి, ఒక రాత్రి గడ్డిపరక ఎక్కి రెక్కలు తెచ్చుకున్న జీవి అది. చెరువు దగ్గరికి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. ఎండ బాగా వచ్చాక వెళ్ళండి, మబ్బు రోజున అవి కదలవు.

సరే, ఆ కుర్రాడి అయిదు వందల సంగతి. దాంట్లో గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి, పెన్నూ పెన్సిలూ, చిన్న భూతద్దం ఒకటి కొనమన్నాను. మిగిలినది దాచుకుని, నోటుబుక్కులో పది వర్ణనలు నిండాక మళ్ళీ రమ్మన్నాను. మొహం కొంచెం చిన్నబోయింది. పుస్తకం కొనుక్కుందామని వచ్చి తెల్లకాగితాలు కొనుక్కోమంటే ఎవరికైనా అంతే.

నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చాడు. పది కాదు, నాలుగే. మొదటిది వాళ్ళ బడి నీళ్ళ ట్యాంకు మీద వాలినది. “బూడిద రంగు. నల్ల చుక్కలు. గోడకి అతుక్కుని కూచుంది. రెక్కమీద మచ్చ మధ్య నలుపు, రెండు వైపులా తెలుపు” అని నీలం సిరాతో రాసి ఉంది. పేరు చోట పెన్సిలుతో ఏదో రాసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాశాడు. నాలుగోది చదివాను. “చిన్నది. నీటికి దూరంగా, మా ఆటస్థలంలో నేలమీద కూచుంటుంది. పసుప్పచ్చ మీద నల్ల చారలు. ఒకటి మాత్రం నీలంగా ఉంది. రెండు రకాలా, ఒకటేనా?”

నేను జవాబు చెప్పలేదు. డిప్లకోడిస్ ట్రివియాలిస్ పేజీ తీసి చేతికిచ్చి, ఆడదాని బొమ్మ చూడు, తరవాత ముదిరిన మగదాని బొమ్మ చూడు అన్నాను. మెట్ల మీద కూచుని చూస్తున్నాడు.